అతుకుల వరుస

మా కోనసీమలో ఎదటి మనిషి ముఖం మీద తప్పు చెప్పడం కంటే వరద గోదావరి ఈదడం తేలిక. పెళ్ళి భోజనంలో సాంబారు ఉప్పుకషాయమైనా మావాళ్ళు "ఆయ్, బాగుందండీ" అంటారు. అక్కడితో ఆగితే ఫరవాలేదు, అన్న మాట నిలబెట్టుకోవడానికి ఇంకో గరిటె పోయించుకుంటారు. ఇంటికి వెళ్ళి చెంబెడు మజ్జిగ తాగి అప్పుడు తిడతారు, అదీ తలుపు వేసుకుని. ఈ మర్యాద గురించి మేం చాలా గొప్పలు చెప్పుకుంటాం. ఈ మర్యాద పుణ్యమా అని నేను పద్నాలుగు నెలలు కష్టపడి, నీళ్ళలో వేస్తే అరగంట నిలవని ఓడ ఒకటి కట్టాను.

ఓడ అంటే నిజం ఓడ కాదు. బల్ల మీద పెట్టుకునేది, పొడవు మూడడుగులు కూడా లేదు. రెండు స్తంభాల తెరచాప ఓడ. మా నాన్నగారి రోజుల్లో కొబ్బరికాయలూ పెంకులూ ధాన్యమూ వేసుకుని సముద్రం మీద తిరిగిన రకం. అసలు ఓడలో అడుగు ఉన్నది నా ఓడలో పావంగుళం. డబ్బాలో అమ్మే ముక్కలు కొని అతికించకూడదు, చుక్కాని దగ్గర నుంచి చెక్క మేకు దాకా ప్రతిదీ నేనే చెక్కాలి అని నియమం పెట్టుకున్నాను.

నియమాలు పెట్టడం నాకు ముప్పై నాలుగేళ్ళ అలవాటు. రాజోలు చుట్టుపక్కల హైస్కూళ్ళలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నా చేతిలో ఎర్రసిరా కలం లేకుండా నన్ను చూసిన పిల్లాడు లేడు. జవాబు సరిగ్గా వచ్చినా సమానం గుర్తులు ఒకదాని కింద ఒకటి నిట్టనిలువుగా రాకపోతే అర మార్కు కోసేవాణ్ణి. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. ఇప్పుడు వాళ్ళే గల్ఫు నుంచి వచ్చినప్పుడు బజారులో కనపడి, మీ వల్లే బాగుపడ్డామండీ మాస్టారండీ అంటారు. నేను నమ్ముతాను. ఇన్నేళ్ళూ అన్నీ నమ్మాను.

మా నాన్నగారు పడవల మేస్త్రీ. గోదావరి ఒడ్డున ఆయన చేతి కింద ఎనిమిది మంది పనిచేసేవారు. నాకు పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో ఆ రేవులోనే తిరిగేవాణ్ణి. ఒకరోజు ఆయనకేం తోచిందో, చిన్న దోనె ఒకటి చూపించి దీనికి ఒక పక్క పలకలు నువ్వు కట్టరా అన్నారు. వారం రోజులు చిత్రిక పట్టి, పలకలు కోసి, అతికించాను. ఆయన వచ్చి పలకల మీద బొటనవేలు వేసి మెల్లగా జరిపారు. "బాగుందిరా" అన్నారు. ఆ సెలవులైపోగానే నన్ను హాస్టల్లో వేసి హైస్కూలుకి పంపేశారు, మళ్ళీ ఉలి పట్టనివ్వలేదు. చెయ్యి మంచిదే గానీ అంతకంటే బుర్ర ఇంకా మంచిది కాబట్టి చదువుకి పంపారని నేను అనుకున్నాను. ఈ కథ ప్రతి ఏడూ పదో తరగతికి మొదటి రోజున చెప్పేవాణ్ణి. నేను కావాలనుకుంటే మేస్త్రీని అయ్యేవాణ్ణి అన్నది దాని నీతి.

రిటైరయ్యాక రెండు నెలలు పేపరు చదివాను. మూడో నెలలో ఆ "బాగుందిరా" ఇంకొక్కసారి వినాలనిపించింది. నవ్వకండి, దానికోసమే ఓడ మొదలుపెట్టాను. నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చేతి కింద పనిచేసినవాళ్ళలో ఒక్క మనిషి మిగిలాడు. మాకు చుట్టం కాడు గానీ చిన్నప్పటి నుంచి బాబాయిగారు అనే పిలుస్తాను. ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయన చూసి బాగుందంటే నాన్నగారు అన్నట్టే. ఇంకెవరి మాటా నాకు అక్కరలేదు.

మొదట కలప. కొబ్బరి చెట్ల మధ్య పుట్టి పెరిగాం కనుక చూసిన ప్రతివాడూ కొబ్బరి చెక్కతో చెయ్యండి అన్నాడు. కొబ్బరి చెక్కలో అంతా పీచు, పావంగుళం ముక్క కొయ్యబోతే పళ్ళపుల్ల అవుతుంది. నాకు కావలసింది బాగా ఆరిన పాత టేకు. అది మా అటక మీదే ఉంది, మా అత్తగారి పందిరిమంచం రూపంలో. నేను దాని కాళ్ళలో ఒక్క కోడే కోశాను. మూడు కోళ్ళ మంచం ఎవరికి పనికొస్తుందని మా ఆవిడ అడిగింది. మిగతా మూడూ కూడా కోసేస్తే ఆ ప్రశ్నే ఉండదన్నాను. మూడు రోజులు మా ఇంట్లో పచ్చడి మెతుకులే.

ఇంత చిన్న పనికి ఉలులు ఎక్కడా దొరకవు. సైకిలు చువ్వలు విరిచి, కొస సుత్తితో చదును చేసి, సానరాయి మీద నూరి పిడులు వేసుకున్నాను. ఒక పాత శిష్యుడు దుబాయి నుంచి పెన్ను అంత డ్రిల్లు పంపాడు. దానికి సూది బిగించి, కప్పీలకి చిల్లులు వేసేవాణ్ణి. కప్పీ అంటే తాడు జరగడానికి గాడి ఉన్న చెక్క దిమ్మ. నూతి గిలక అందరూ చూసినదే, ఇదీ అలాంటిదే. నా ఓడకి అలాంటివి నూట అరవై కావాలి, ఒక్కొక్కటీ కందిబద్ద అంత. ముందు సన్నటి కడ్డీకి గాడి తియ్యాలి, పక్కనే రెండు చిల్లులు వెయ్యాలి, బ్లేడుతో తెంపాలి, తరవాత గరుకు కాగితం అంటించిన డబ్బాలో వేసి అంచులు గుండ్రబడేదాకా ఊపాలి. నేను వీధి అరుగు మీద కూర్చుని డబ్బా ఊపుతుంటే, మాస్టారు తంబోలా నేర్చుకుంటున్నారని వీధిలో అనుకున్నారు.

కందిబద్ద అంత అని ఊరికే అనలేదు. ఒకనాడు నాలుగు కప్పీలు తగ్గాయి. మూడు తుడుపులో పోయాయి. నాలుగోది ఎక్కడికి పోయిందో ఆ ఆదివారం తెలిసింది. మా ఎదురింటాయన రొయ్యల చెరువుల మనిషి, ఆ పూట మా ఇంట్లో భోజనానికి ఉన్నాడు. మామిడికాయ పప్పు కలుపుకుని రెండో ముద్దకి ఆయన దవడ ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెల్లగా వేళ్ళతో ఏదో తీసి అరిటాకు అంచుకింద దాచి, "పప్పు బాగుందండీ చెల్లెమ్మగారండీ" అన్నాడు. ఆకులు ఎత్తేటప్పుడు నా కప్పీ దొరికింది. చెక్కు చెదరలేదు. ఆయన పన్ను సంగతి ఆయన ఇప్పటికీ చెప్పలేదు.

పక్క పలకలే అన్నిటికంటే పెద్ద పని. ఓడ పక్కటెముకల మీద వంపు తిరిగేలా వెయ్యాలి. అందుకు పలకని ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టి, మెత్తబడ్డాక వంచి, పట్టుకారులు బిగించి ఆరబెట్టేవాణ్ణి. తరవాత తీసిన ఇడ్లీలకి టేకు వాసన వచ్చేది. వచ్చినవాళ్ళు వాటినీ బాగున్నాయనే అన్నారు.

పలకలన్నీ ఒకే పొడవు వచ్చేలా చెక్కతో అచ్చు ఒకటి చేసుకున్నాను. వెంట్రుకవాసి తేడా లేదు. కింద నుంచి పైదాకా ఏ వరస తీసుకున్నా పలకా పలకా కలిసే అతుకు ఒకే పక్కటెముక మీదకి వచ్చింది. అతుకులన్నీ ఒకదాని కింద ఒకటి, స్కేలు పెట్టి గీసిన గీతలా నిట్టనిలువుగా నిలబడ్డాయి. ఆ గీత చూసుకుని నేను పడిన ఆనందం మా పెళ్ళినాడు కూడా పడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ మొదట దాన్నే మెచ్చుకున్నారు. ఎంత వరుసగా ఉన్నాయండీ అనేవారు. రిటైరైన మాస్టర్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే పూలగుత్తులూ దండాలూ కుప్పపడ్డాయి. ఎదురింటాయన తన కొత్త మేడలో షోకేసుకి ఇలాంటిదే ఒకటి కావాలన్నాడు, లోపల రంగు లైట్లు వెలిగేలా.

బాబాయిగారు ఉప్పలగుప్తం అవతల ఉంటారు. వాళ్ళమ్మాయిని మా వీధిలోనే ఇచ్చారు. నెలకోసారి బీపీ మాత్రలకి వచ్చినప్పుడు మా ఇంటికి కూడా వస్తారు. ఆయన వస్తే మా ఆవిడ పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు వండుతుంది. ఆయన నిదానంగా తిని, కాఫీ తాగి, చేతులు కడుక్కుని ఓడ దగ్గరికి వచ్చేవారు. బొటనవేలు పలకల మీద వేసి ముందు ముక్కు నుంచి జరుపుకుంటూ వచ్చి, ఆ అతుకుల వరుస దగ్గర ఆగేవారు. కాసేపు అక్కడే ఉంచేవారు. "ఆయ్. బాగుందండి మాస్టారండి" అనేవారు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు.

నాలుగు సార్లు వచ్చారు, నాలుగు సార్లూ అదే మాట. నేను ఇంత పాకులాడిన మాట దొరికింది కదా, తృప్తి పడాలి. పడలేదు. నాన్నగారి మాటలో ఉన్నదేదో ఇందులో లేదనిపించింది. అమలాపురంలో చేయించిన అద్దాల పెట్టె కూడా వచ్చేసింది. ఓడని అందులో పెట్టి మూత బిగించేస్తే అయిపోతుంది. స్క్రూలు చేతిలో పట్టుకుని వారం రోజులు తిరిగాను.

మా ఆవిడ చూసి చూసి విసిగిపోయి అసలు సంగతి బయటపెట్టింది. "కప్పీ నమిలినాయన పప్పు బాగుందన్నారు. పొట్టిక్కలు తిన్నాయన ఓడ బాగుందంటున్నారు. మనింట్లో తిని మనింటి వాసాలు లెక్కపెడతారేంటండీ ఎవరైనా?" అంది. నిజం కావాలంటే ఓడ పట్టుకుని ఆయన ఇంటికే వెళ్ళమంది.

లెక్కల మాస్టారికి ఇంత చిన్న లెక్క తట్టలేదు. ప్రతిసారీ మేమే ఆయన నోరు కట్టేసి, తరవాత మాట్లాడమని అడిగాం. కారు మాట్లాడుకుని, ఓడని ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. ప్రతి గోతిలోనూ నా ప్రాణం పైకి లేచింది. డ్రైవరు అద్దంలో చూసి చూసి, ఐనవిల్లి గుడిలో మొక్కుబడా అండీ అని అడిగాడు. ఒకరకంగా మొక్కుబడే అన్నాను.

బాబాయిగారిది చిన్న పెంకుటిల్లు, చుట్టూ రొయ్యల చెరువులు. ఓడ దించగానే ఆయన దాని వైపు చూడలేదు. ముందు పిన్నిగారు కాఫీ ఇచ్చారు. తరవాత జంతికలు. పూర్తయ్యేదాకా ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు. నాకు అప్పటికి అర్థం కాలేదు గానీ, నేను ఆ జంతికలు తినడంతో మాట అనే హక్కు ఆయనకి వచ్చింది, పడే బాధ్యత నాకు వచ్చింది. తిన్న ఇంట్లో ఎదురు చెప్పకూడదు కదా.

"బాబాయిగారండీ, ఇది మీ ఇల్లు. ఇవాళైనా ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాను.

 ఆయన లేచి లోపలికి వెళ్ళి తుప్పుపట్టిన డబ్బా ఒకటి తెచ్చారు. అందులో జాజు ఉంది. కోతకి ముందు కలప మీద గీత కొట్టే తాడుకి పూసే ఎర్రమన్ను అది. నాన్నగారి చేతి గోళ్ళు ఎప్పుడూ ఆ రంగులోనే ఉండేవి. అగ్గిపుల్ల తడిపి జాజులో ముంచి, ఓడని ఎండలోకి తిప్పుకుని, అతుకుల వరుస మీద పై నుంచి గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, దాని కింద ఇంకొకటి. తొందర లేదు. ముప్పై నాలుగేళ్ళు నేను ఎంతమంది పుస్తకాలు ఎర్రగా చేశానో అవన్నీ కలిపి నా ఓడ మీద పడుతున్నట్టు అనిపించింది.

"అతుకు కింద అతుకు రాకూడదండి. గోడ కట్టే తాపీవాడికీ తెలుసండి ఈ మాట" అన్నారు.

వరుసగా ఉంటే అందంగా ఉంటుంది కదండీ అని గొణిగాను.

"నీటికి అందం ఎందుకండి. దారి ఎతుక్కోకుండా మీరే గీత గీసి ఇచ్చేరు. మొదటి పెద్ద కెరటానికి ఇదిగో, ఇక్కడికి రెండు ముక్కలు."

నేను విదేశీయుల వీడియోలు చూసి పని నేర్చుకున్నానని ముందే చెప్పవలసింది. వాటిలో ఒక ముసలాయన ఈ సంగతి చెప్పే ఉంటాడు. ఆయన మాటలు ఎక్కువని నేను సౌండు తీసేసి చూశాను. మాస్టర్లకి వినడం అలవాటు తక్కువ.

జంతికలు తిన్నాను కనుక నోరు మూసుకుని నిలబడ్డాను. బాబాయిగారు ఆఖరి గుర్తు పెట్టి, అగ్గిపుల్ల పారేసి, మామూలు మాటలా అన్నారు. "చిన్నప్పుడు ఆ దోనెకీ ఇంతే చేసేరు మీరు."

"దాన్ని నాన్నగారు బాగుందన్నారు కదండీ."

"ఆయ్, అన్నారండి. మీరు ఇంటికెళ్ళేక ఆ సాయంత్రమే పలకలన్నీ నా చేత ఇప్పించేరు."

 ముప్పై నాలుగు పదో తరగతులకి నేను చెప్పిన కథ, నా గొప్పంతా, ఆ సాయంత్రం పలక పలకగా ఊడిపోయిందన్నమాట. నేను అన్నం తిని నిద్రపోయి ఉంటాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అరవై ఒకటో ఏట ఏడుపు కూడా వచ్చింది, దాన్ని దగ్గుగా మార్చుకున్నాను. నాకెందుకు చెప్పలేదు అని అడిగాను.

"పనివాడైతే చెప్తారండి. తిట్టి మరీ చెప్తారు. నా చేత మొదటి పడవ మూడు మాట్లు ఇప్పించేరు, మూడోసారి సుత్తి కూడా ఇసిరేరు. మీరు సెలవులకొచ్చిన పిల్లోడండి. ఏమంటారు?"

అంటే మా నాన్నగారు నన్ను చుట్టాన్ని చూసినట్టు చూశారు. ఉప్పు ఎక్కువైన సాంబారుని మెచ్చుకున్నట్టు నన్ను మెచ్చుకుని బడికి పంపేశారు. నేను దాన్ని బంగారంలా దాచుకున్నాను.

ఓడ ఎత్తుకుని వెళ్ళిపోదామనుకున్నాను. బాబాయిగారు వదల్లేదు. ఇంకో పక్కకి తిప్పి, స్తంభాల మీది తాళ్ళ దగ్గర కళ్ళు చికిలించి, ఒక కప్పీని గోటి మీదికి తీసుకున్నారు. తాడు లాగారు. అది గాడిలో జరిగింది. ఇంకోటి లాగారు, అదీ జరిగింది. ఇవి ఎవరు చేశారని అడిగారు. నేనేనండి అన్నాను. బాగున్నాయని అనలేదు. చాలాసేపు తాళ్ళు లాగుతూ కూర్చున్నారు. తరవాత కప్పీని వదిలి, ఓడని నా వైపు తోశారు.

"ఇప్పెయ్యరా అబ్బాయ్" అన్నారు. "పక్కలు రెండూ ఇప్పి మళ్ళీ కట్టు. వరస వరసకీ అతుకు జరుపు. వచ్చే నెల వచ్చి చూస్తాను. మళ్ళీ ఇలాగే తగలేసేవంటే ఊరుకోను."

నాకు ఉద్యోగం కాగితం వచ్చిన రోజు నుంచి ఆయన నన్ను మాస్టారండీ అంటున్నారు. ఒరే అని పిలిచి ముప్పై అయిదేళ్ళు దాటింది. నేను కావాలని వెళ్ళిన మాట అది కాదు. కానీ తిరుగు ప్రయాణంలో గోతులు ఎన్ని వచ్చాయో నేను చూసుకోలేదు.

ఇంటికొచ్చాక ఎర్ర చుక్కలు చూసి మా ఆవిడ, ఏమన్నారని అడిగింది. విప్పమన్నారని చెప్పాను. "అయితే రెడ్డొచ్చె మొదలాడు అన్నమాట" అంది. నా ముఖం చూసి ఇంకేమీ అనకుండా ఇడ్లీ పాత్ర తెచ్చి పెట్టింది, ఇక ఇడ్లీలకి వేరేది కొనుక్కుంటానని కూడా చెప్పింది.

అద్దాల పెట్టె ప్రస్తుతం మేడ మీద ఉంది. వడియాల మీద కాకులు వాలకుండా బోర్లిస్తున్నాం. నేను సైకిలు చువ్వ ఉలితో పలకలు ఒక్కొక్కటే లేపుతున్నాను. పక్కటెముకలు బయటపడ్డ ఓడని చూసి మొన్న ఎదురింటాయన గతుక్కుమన్నాడు. కాసేపు తడుముకుని, ఇలా కూడా బాగుందండీ అన్నాడు.

బాబాయిగారు వచ్చే మంగళవారం వస్తారు. పొట్టిక్కలకి పనసాకులు కోయిస్తున్న మా ఆవిడని నిన్న ఆపాను. ఆయన పని చూసి, తిట్టవలసింది తిట్టేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వవద్దని చెప్పాను. గుమ్మంలోకి వచ్చిన మనిషికి కాఫీ ఇవ్వొద్దని మా ఇంట్లో ఎవరైనా చెప్పడం ఇదే మొదటిసారి.